చలికొండకు నూలు బనీను: సంఘములు నిజము చెప్పవలెను

గత కార్తీక మాసములో మా సంఘము ఆఫీసుకు ఒక వర్తకుడు వచ్చినాడు. ఉత్తరాది మంచుకొండలకు కుర్రవాండ్రను నడిపించుకొనిపోవు వ్యాపారులకు ఆయన దుస్తులు సమకూర్చునట. మా మగ్గములమీద దిగుచున్న ముతక నూలుబట్ట, లోవైపు నూగు లేపినది, ఆయనకు బాగా నచ్చినది. ఆ బట్టతో ఒంటికి ఆనుకొను లోచొక్కాలు ఎనిమిదివందలు కావలెననియు, ప్రతి చొక్కా మెడకు "చలికొండలకు ప్రత్యేకము, చేనేత వెచ్చని లోదుస్తు" అను చీటీ కుట్టి ఇయ్యవలెననియు అడిగినాడు. ధర మంచిది. సగము సొమ్ము ముందుగానే ఇత్తునన్నాడు. అప్పటికి మా సంఘములో పదునాలుగు మగ్గములు పని లేక గుడ్డ కప్పుకొని ఉన్నవి. అయినను, బట్ట ఎంత కావలసిన అమ్మెదము గాని ఆ చీటీ కుట్టజాలము అని మేము చెప్పితిమి. చీటీ లేనిదే సరుకు తనకు అక్కరలేదని ఆయన లేచిపోయినాడు.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చున్నది. అరువది ఏండ్లు మగ్గము మీద గడిపిన పెద్దవారు ఒకరు మా కమిటీలో ఉన్నారు. వరుసకు మాకు మేనమామ. "ఏమయ్యా సెక్రటరీ, నూలు మనకు అన్నము పెట్టిన తల్లి. పరాయివాని ఎదుట ఆ తల్లినే నీవు తక్కువ చేసి మాట్లాడితివి. పదునాలుగు ఇండ్లలో పొయ్యి వెలిగే బేరము చెడగొట్టితివి. మా తాతలు చలి ఎరుగరా? వారు నూలుబట్ట కాక మరేమి కప్పుకొన్నారు?" అని గట్టిగానే అన్నారు. ఆనాడు మేము సరియైన జవాబు చెప్పలేకపోతిమి. పని లేని మగ్గములవారు ఎదుట కూర్చుండి ఉండగా శాస్త్రము నోటికి రాదు. ఆ జవాబును ఇప్పుడు తీరికగా వ్రాయుచున్నాము. షోలాపూరు వారికైనను, బరంపురము వారికైనను, బెంగుళూరు, యానాముల వారికైనను నేడో రేపో ఇట్టి వర్తకుడు ఎదురుకాక మానడు గనుక, ఇది మా ఒక్క సంఘపు తగవుగా భావింపవద్దని మనవి.

మాకు ఈ పట్టుదల ఊరక రాలేదు. మా వీథిలో మగ్గము గుంట ప్రక్కనే పెరిగిన పిల్లవాడొకడు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. రెండేండ్ల క్రిందట డిసెంబరులో స్నేహితులతో కలిసి ఉత్తరాఖండములోని కేదార్‌కాంఠ శిఖరము ఎక్కబోయినాడు. దాని ఎత్తు సుమారు 3,800 మీటర్లు. చలికాలమంతయు మంచు కప్పియుండును. కొడుకు చలికి పోవుచున్నాడని తల్లి మన సంఘపు బట్టతోనే రెండు బనీన్లు, ఒక చొక్కా కుట్టించి పెట్టెలో పెట్టినది. పైకి మాత్రము కుర్రవాడు ఖరీదైన కోటు కొనుక్కొన్నాడు. కాళ్ళకు జీన్సు ప్యాంటు. అదియు నూలే గదా.

తెల్లవారుజామున మూడు గంటలకు బయలుదేరినారట. చలికి భయపడి ఉన్నవన్నియు తొడుగుకొని, కోటు మెడవరకు బిగించుకొని, ఏటవాలు దారిని గబగబ ఎక్కినాడు. గంట తిరుగకముందే లోపలి బనీను చెమటకు తడిసి ముద్దయినది. నడచుచున్నంతసేపు అది తెలియలేదు. శిఖరము క్రింద, సూర్యోదయము చూతమని అందరును ఆగి కూర్చున్నారు. గాలి లేచినది. పావుగంటలో వణకు పట్టినది. తరువాత చేతివ్రేళ్ళు బూటు త్రాడు విప్పలేకపోయినవి. మాట ముద్దముద్దగా వచ్చినదట. వెంట వచ్చిన కొండవాడు సంగతి కనిపెట్టి, తడిబట్టలు ఊడదీయించి, తన సంచిలోని ఉన్ని బనీను తొడిగించి, వెంటనే క్రిందికి దించుకొనివచ్చినాడు. పిల్లవాడు బ్రతికి ఇంటికి వచ్చి మాతో అన్న మాట ఇది: "మామా, పై కోటు పొడిగానే ఉంది. నన్ను చంపబోయింది లోపలి బనీను."

ఆ బనీను బట్ట ఏ మగ్గము మీద దిగినదో మాకు తెలుసు. ఆ తానుకు కూలి లెక్క వ్రాసినది మేమే.

ఇక సంగతికి వత్తుము. బట్ట తనంతట తాను వెచ్చనిది కాదు. ఒంటి వేడిని బయటికి పోనీయక ఆపునది పోగులకును పోగులకును నడుమ కదలక నిలిచిన గాలి. ఎంత గాలిని నిలుపగలిగితే అంత వెచ్చదనము. ఆ గాలి చోటు నీరు ఆక్రమించిన యెడల పని చెడును. ఏలయనగా నీరు గాలికంటె సుమారు 25 రెట్లు సులువుగా వేడిని లాగుకొనిపోవును.

నూలుకు తేమయందు ఎంత మక్కువయో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. వానకాలములో చిలపల కట్ట తూచి చూచినవారికి తెలియును. వ్యాపారములో దీనికి లెక్క కట్టియే ఉన్నది. పొడి సరుకు నూరు పాళ్ళయినచో దానిలో సహజముగా ఉండు తేమ నూలుకు ఎనిమిదిన్నర పాళ్ళు, పట్టుకు 11, ఉన్నికి 16 మొదలు 18 వరకు, నైలానుకు నాలుగు ప్రాంతము, పాలియెస్టరుకు అరపాలు కూడ లేదు. ఈ లెక్క చెప్పగానే మా కమిటీలో ఒక యువకుడు, "అన్నా, నూలుకంటె ఉన్నియే ఎక్కువ తేమ త్రాగుచున్నది గదా! మరి అది ఎట్లు మేలైనది?" అని అడిగినాడు. మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలియక పెద్ద చదువు చదివినవారు కూడ తడబడుట చూచితిమి.

పోగు తన లోపలికి ఆవిరిని తీసికొనుట వేరు. బట్ట తన సందులలో నీటిని నిలుపుకొనుట వేరు. ఉన్నివెండ్రుక ఒంటినుండి లేచు ఆవిరిని లోనికి పీల్చుకొనును. తన బరువులో మూడవ వంతు వరకు తేమ పీల్చినను చేతికి తడి అంతగా తెలియనీయదు. దాని పైపొర పొలుసులు పొలుసులుగా ఉండి నీటిబొట్టును సులువుగా అంటనీయదు. పైగా అది వంకులు తిరిగిన వెండ్రుక. తడిసినను స్ప్రింగువలె లేచి నిలుచును. కావున నడుమనున్న గాలి చెదరదు. తేమను పీల్చునపుడు కొద్దిపాటి వేడిని కూడ విడుచును. నూలుపోగు స్వభావము వేరు. తడిసినంతనే చతికిలబడును. నూగు అణగిపోవును. బట్ట ఒంటికి అంటుకొనును, సందులన్నియు నీటితో నిండును, ఆ నీరు ఆరుటకు కావలసిన వేడి మన ఒంటినుండియే పోవును. ఏప్రిలు నెలలో మనకు నూలుచొక్కా హాయి కలిగించుటకు కారణము కూడ ఇదియే: చెమటను పీల్చి, మెల్లగా ఆర్చుచు, ఒంటిని చల్లబరచును. మంచుకొండమీద కూడ అది అదే పని చేయును. నూలులో దోషము లేదు. దానిని పెట్టిన చోట దోషమున్నది.

మాటలతో మా మామగారు ఒప్పుకొనరని ఎరుగుదుము గనుక, ఆఫీసు వసారాలో ఒక చిన్న పరీక్ష పెట్టితిమి. మా నూగు లేపిన బట్ట, ఒక ఉన్ని మఫ్లరు, ఒక పట్టు ముక్క, బజారులో కొన్న పాలియెస్టరు బనీను, ఈ నాలుగింటిని ఒకే కొలతకు కత్తిరించి, నూలు తూచు త్రాసులో తూచి, నీట నానవేసి, ఒకే మనిషి చేత పిండించి, మరల తూచితిమి. మన బట్ట తన బరువుకు ఇంచుమించు రెట్టింపు తూగినది. పాలియెస్టరు ముక్క కొంచెము పెరిగినది, అంతే. నాలుగింటిని దండెము మీద వేసి రాత్రి పది గంటలకు చూడగా పాలియెస్టరు ఆరినది, పట్టు ఆరవచ్చినది. ఉన్ని ఇంకను తడిగానే ఉన్నది గాని చెంపకు ఆనించిన చల్లదనము తక్కువ. మన బట్ట తెల్లవారి కూడ చెమ్మగానే ఉన్నది. మామగారు నాలుగింటిని వంతువంతుగా చెంపకు ఆనించుకొని చూచినారు. ఏమియు అనలేదు. ఆయన ఏమియు అనకపోవుట మా సంఘములో అరుదైన విషయము.

కాని మరునాడు వచ్చి ఒక మాట అన్నారు: "బొంత వెచ్చగా ఉండదా? దూది పరుపు వెచ్చగా ఉండదా? అది నూలు కాదా?" ఇందులో నిజమున్నది, మేము ఒప్పుకొనవలెను. పొడి చలిలో, కదలక కూర్చున్నవానికి, దూది పెట్టి కుట్టిన కోటు చక్కగా పనికివచ్చును. మన తాతలు చలికి బొంత కప్పుకొని పడుకొన్నారు. బొంత కప్పుకొని మంచులో కొండ ఎక్కలేదు. ఎక్కువానికి చెమట పట్టును, ఆగినంతనే ఆ చెమట చల్లబడును. ఈ ఎక్కుట, ఆగుట అను రెంటి మధ్యనే ఉన్నది చిక్కంతయు.

నూలు కొండకు పనికిరాదని మేము అనుచున్నట్లు కొందరు అపార్థము చేసికొన్నారు. ఎవరెస్టు చరిత్ర చూచిన యెడల అట్లనుటకు వీలులేదు. 1924లో ఆ శిఖరముమీద మరణించిన జార్జి మాలొరీ దేహము 1999 మే 1వ తేదీన దొరికినది. ఆయన ఒంటిమీద పట్టు, నూలు, ఉన్ని బట్టలు పొరలు పొరలుగా ఉన్నవి. అన్నిటిపైన గబర్డీను కోటు. ఈ గబర్డీనును ఇంగ్లండులో టామస్ బర్బెరీ 1879లో కనిపెట్టినాడు. పోగులు ఒత్తుగా కూర్చి ఏటవాలు నేతలో నేసిన బట్ట అది. గాలిని లోనికి రానీయదు. మొదట ఆ దేహము మాలొరీ వెంట పోయిన ఇర్విన్‌దని వెదకినవారు అనుకొన్నారట. తుదకు చొక్కా కాలరుకు కుట్టిన పేరు చీటీ చూచి మాలొరీయని తెలిసికొన్నారు. డెబ్బదియైదు సంవత్సరములు మంచులో పడియుండి కూడ ఆ చీటీ అబద్ధము చెప్పలేదు. మా వర్తకుడు అడిగిన చీటీ మాట మాకు అప్పుడు గుర్తుకు వచ్చినది.

ఆ బట్టలకు సరిగా అట్టివే నేయించి, 2006లో గ్రాహం హాయ్‌లాండ్ అను పర్వతారోహకుడు ఎవరెస్టు ఉత్తరపు దిగువన తొడిగి చూచినాడు. తేలికగా ఉన్నవట, పట్టు పొర మీద పొర జారుటచే కాలు చేయి కదలికకు అడ్డు లేదట. నడచువానికి వెచ్చగానే ఉన్నవి, కాని రాత్రి బయట గడుపవలసివచ్చిన చాలవని ఆయన అభిప్రాయము.

అంతకు రెండేండ్లు ముందే, 1922లో, జార్జి ఫించ్ అను రసాయన శాస్త్రవేత్త బెలూనుకు వాడు బట్టతో కోటు కుట్టించి, లోపల బాతు ఈకల నూగు నింపించుకొని ఎవరెస్టుకు వచ్చినాడు. తోటివారు చూచి నవ్వినారు. గాలి కొట్టినప్పుడు నవ్వు ఆగినది. ఆయన 8,300 మీటర్ల ఎత్తు దాటినాడు. నేడు ఎవరెస్టు ఎక్కువారందరును తొడుగు ఈకల కోటుకు అదియే మూలము. ఈకలకు ఒక్కటే లోపము: తడిసిన యెడల ముద్దకట్టి, నూలుకంటె హీనమగును.

నేతగాండ్రు గర్వింపదగిన కథ మరియొకటి ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలములో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరపు షర్లీ ఇన్‌స్టిట్యూటువారు పొడవు పింజ ప్రత్తితో చాల ఒత్తుగా నేసిన ఒక బట్టను తయారుచేసినారు. పేరు వెంటైలు. పొడిగా ఉన్నప్పుడు దానిలోనుండి చెమట ఆవిరి బయటికి పోవును. నీరు తగిలినప్పుడు నూలుపోగులు ఉబ్బి సందులను మూసివేయును. నీరు లోనికి చొరబడదు. చల్లని సముద్రములో పడిపోవు విమానచోదకుల ప్రాణము కాపాడుటకై దానితో దుస్తులు కుట్టినారు. తరువాత పర్వతారోహకులు కూడ వాడినారు. రబ్బరు పూత లేదు, నేతయే రక్షణ. అనగా నూలు ఒంటికి ఆనుకొని శత్రువైనను, అందరికంటె బయట నిలిచి కావలికాయగలదు. 1953 మే 29న టెన్సింగు, హిల్లరీలు శిఖరము చేరినప్పుడు వారి పై దుస్తులు కూడ నూలు, నైలాను కలిపి నేసిన బట్టయే.

ఒంటికి ఆనుకొని కూడ నూలు పనికివచ్చిన విడ్డూరము ఒకటి లేకపోలేదు. 1933లో నార్వే సైన్యాధికారి హెన్రిక్ బ్రూన్ చేపల వలలు కత్తిరించి బనీను కుట్టినాడు. కన్నములే ఎక్కువ, నూలు తక్కువ. కన్నములలో గాలి నిలుచును, తడిసి ముద్దగుటకు అక్కడ బట్టయే లేదు.

ఇప్పుడు మీ ఇంటి పిల్లవాడు, "నాన్నా, మంచుకొండకు పోవుచున్నాను, ఏమి తొడుగుకొనవలెను?" అని అడిగినచో మీరు చెప్పవలసినది చెప్పెదము. ఒక మందమైన కోటుకంటె మూడు పలుచని పొరలు మేలు. ఒంటికి ఆనునది సన్నని ఉన్ని గాని, పాలియెస్టరు గాని, లేదా పట్టు గాని కావలెను. బిగుతుగా, ఒంటిని అంటిపెట్టుకొని ఉండవలెను, అప్పుడే చెమటను బయటి పొరకు చేర్చును. మెరీనో అను జాతి గొఱ్ఱెల సన్న ఉన్ని ఇందుకు శ్రేష్ఠము. మన దక్కను గొఱ్ఱె ఉన్ని గరుకు గనుక ఒంటికి ఓర్వరానిది. రెండవ పొర గాలిని నిలుపునది: ఉన్ని స్వెట్టరైనను సరే, 1979లో అమెరికాలో పుట్టిన పాలియెస్టరు నూగుబట్ట, ఫ్లీసు అందురు, అదైనను సరే. మూడవది గాలిని, మంచును ఆపునది. దీనిని మాత్రము అశ్రద్ధ చేయరాదు. సున్నకు 10 డిగ్రీలు దిగువన ఉన్న చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీచినచో ఒంటికి సున్నకు 20 డిగ్రీల దిగువవలె తోచును. స్వెట్టరు ఎంత మందమైనను ఆ గాలి దానిలోనుండి జల్లెడలో నీరువలె పోవును.

పై పొరలు ఒకదానికంటె ఒకటి వదులుగా ఉండవలెను. బిగించి తొడిగిన యెడల లోపలి గాలి నలిగిపోవును. మా పిల్లవాండ్రు మేజోళ్ళు రెండు మూడు జతలు కుక్కి, బూటు బిగించుకొందురు. రక్తము పారక కాలు మరింత చల్లబడును. ఉన్ని మేజోడు ఒకటి మందమైనది, కావలసినచో లోపల సన్ననిది ఒకటి, బూటులో వ్రేళ్ళు ఆడవలెను. జీన్సు ఇంటివద్దనే పెట్టవలెను. ముందు బొత్తాములు గాని జిప్పు గాని ఉన్న చొక్కాలు మంచివి. తలమీదుగా తొడుగునవి తీయుటకు సోమరితనము పుట్టును. ఆ సోమరితనముననే చెమట పట్టును.

అన్నిటికంటె ముఖ్యమైనది బట్ట కాదు, దానిని తీసి తొడుగు అలవాటు. బయలుదేరునపుడు కొంచెము చలిగానే ఉండవలెను. చెమట పట్టబోవుచున్నదని తోచగానే ఆగి ఒక పొర తీయవలెను. విశ్రాంతికి కూర్చున్న వెంటనే, చలి పుట్టకముందే, ఆ పొర తొడుగుకొనవలెను. రాత్రి పడుకొనుటకు ఒక జత పొడి బట్టలు వేరుగా కట్టి, నీరు చొరని సంచిలో పెట్టి, ప్రాణము పోవుచున్నను పగలు తీయరాదు. తోటివాడు వణకుచు, తడబడి అడుగువేయుచు, మాట ముద్దగా పలుకుచున్న యెడల వానిని పరిహాసము చేయక వెంటనే తడి విప్పించి పొడిబట్ట తొడిగించి దించవలెను. సారాయి పోయరాదు, అది చర్మమునకు రక్తము పారించి లోపలి వేడిని బయట పారవేయును. తిమ్మిరెక్కి తెల్లబారిన వ్రేళ్ళను రుద్దరాదు.

ఇది కుర్రవాండ్ర వేడుక, మనకేల అని పెద్దలు అనవచ్చును. మన వీథులనుండి ఏటేట కేదారనాథమునకు, అమరనాథమునకు ఎందరు పోవుచున్నారో లెక్కించి చూడుడు. కేదారనాథము 3,580 మీటర్ల ఎత్తున ఉన్నది. ప్రతి వేయి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గును. గౌరీకుండము నుండి పదునారు కిలోమీటర్లకు తక్కువకాని ఎక్కుడు. వాన ఎప్పుడు వచ్చునో తెలియదు. మన ఇంటి ఆడవారు నూలు చీర, నూలు రవిక, మీద ఒక శాలువ, కాళ్ళకు చెప్పులతో ఆ దారిన నడచుచున్నారు. చీర కుచ్చిళ్ళు తడిసి పిక్కలకు చుట్టుకొన్నప్పుడు కలుగు చలి ఎట్టిదో మా అక్కగారిని అడిగి తెలిసికొంటిమి. చీర మానుమని మేము చెప్పము, చెప్పినను వినరు. లోపల కాళ్ళకు ఉన్ని ఇజారు, ఒంటికి ఉన్ని లోచొక్కా, మీద వానకు నిలుచు అంగీ, తలకు ఉన్ని టోపి, ఇవి ఉన్న చాలును. చీర మాత్రము ఆ నాలుగు రోజులకు తొందరగా ఆరు నైలక్సుదో పాలియెస్టరుదో కట్టుకొనుడు. చేనేత సంఘపు సెక్రటరీ ఈ మాట వ్రాయుట చూచి నవ్వువారు నవ్వవచ్చును.

దుస్తులుండగానే కొండ లోబడునని మేము చెప్పుట లేదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మలావత్ పూర్ణ పదమూడేండ్ల వయస్సున 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినది. ఆమె వెనుక నెలల తరబడి శిక్షణ ఉన్నది. ఏడు ఖండముల ఎత్తైన శిఖరములను 2006లో 172 దినములలో ఎక్కిన నెల్లూరు జిల్లావాడు మల్లి మస్తాన్ బాబు, అన్నియు తెలిసినవాడే, 2015లో ఆండీస్ కొండలలో మరణించినాడు. కొండమాట కొండదే. కాని తెలియని కుర్రవానికి, తెలిసిన మనము తప్పుడు చీటీ కుట్టి అమ్మినచో, ఆ భాగము మాత్రము మనది.

మరి పదునాలుగు మగ్గముల సంగతి ఏమి అని మామగారి ప్రశ్న మిగిలియున్నది. దానిని దాటవేయుట న్యాయము కాదు. 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టము క్రింద చేనేతకే ప్రత్యేకించిన పదునొకండు రకములలో చీర, ధోవతి, లుంగీలే గాక కంబళ్ళు, శాలువలు, మఫ్లర్లు, ఉన్ని ట్వీడు కూడ ఉన్నవి. మన సంఘములలో ఎందరు ఆ వైపు చూచినారు? గొంగడి నేత మన పొరుగువారిది, కురుమలది. తెలంగాణములోను కర్ణాటకములోను గొఱ్ఱెలకాపరి వానలో చలిలో దానినే తలమీదుగా కప్పుకొని నిలుచును. ఆ గరుకు ఉన్ని ఒంటికి ఆనరాదు గాని, రెండవ పొరకు ఏమి లోపము? అస్సాము ప్రాంతమున ఆముదపు ఆకు తిను పురుగు ఇచ్చు ఎరి పట్టు ఉన్నది. అది దూదివలె వడికిన పట్టు, గాలిని నిలుపును, మెత్తనిది. బరంపురమువారికిని కంచివారికిని పట్టు చేతిలో పని. లోచొక్కాకు సన్నని పట్టుబట్ట ఆలోచింపదగినదే. ధర ఎక్కువే, మెరీనో బనీనుకు ఈ కుర్రవాండ్రు ఇచ్చుచున్న ధర చూచిన తరువాత మాకు ఆ భయము పోయినది. ఇక ఒత్తునేత నూలుబట్ట, గాలిని ఆపునది: దీనికి ఎంత ఒత్తు అచ్చు కావలెనో, ఎంత బలముగా పేక కొట్టవలెనో, చేతిమగ్గము ఎంతవరకు తట్టుకొనునో మన ఊళ్ళలో ఒక్కరును ప్రయత్నింపలేదు.

మేము ప్రస్తుతము చిన్నపని ఒకటి మొదలుపెట్టితిమి. పడుగు నూలు, పేక ఉన్నిగా మఫ్లరు బట్ట నమూనా ఒక తాను దింపితిమి. నూలు ఉన్నందున అది ఒంటికి ఆను బట్టగా పనికిరాదు. మెడకు, స్వెట్టరు మీదికి మాత్రమే. మగ్గము మీద ముప్పదియారు అంగుళములు ఉన్నది ఉతికిన తరువాత ముప్పదిరెండు అయినది. ఉన్ని ఇంత కుదించుకొనునని మాకు తెలియక మొదటి తాను చెడినది. రెండవ తానుకు పూర్తిగా ఉన్ని పడుగే వేయవలెనని నిశ్చయము. నూలుకు పెట్టు గంజి ఉన్నికి పట్టుట లేదు, పోగు అచ్చులో రాపిడికి నూగెక్కి తెగుచున్నది. పడుగు మామగారి ఇంటిముందే సాగదీసినారు. నష్టము వచ్చిన యెడల ఎవరి లెక్కలో వ్రాయుదువని ఆయన ఇప్పటికిని అడుగుచునే ఉన్నారు.

ఉన్ని పడుగుకు ఏ గంజి పెట్టవలెనో, ఏ అచ్చు వాడవలెనో అనుభవమున్న సోదరులు, ముఖ్యముగా కర్ణాటకములో కంబళి మగ్గముల పొరుగున ఉన్నవారు, వచ్చే సంచికలోగా ఈ పత్రికకు వ్రాయగోరుచున్నాము. చీటీ మీద ఏమి వ్రాయవలెనో మాత్రము మా కమిటీ తీర్మానించినది. బట్టలో నూలు ఎంత, ఉన్ని ఎంత, ఒంటికి ఆనించవచ్చునా కూడదా, ఈ మూడును తెలుగులోను, తమిళములోను, హిందీలోను.